దొంగ లింకులకు బెదరొద్దు - డబ్బు పారబోయొద్దు

ఉప్పాడ చీరలు, ఆత్రేయపురం పూతరేకులు, కొండపల్లి బొమ్మలు నేడు ఊరి సంతతో ఆగడం లేదు. కుర్రవాళ్లు ఇంటర్నెట్టులో వెబ్‌సైటు పెట్టి, పై రాష్ట్రాల నుంచి కూడా బేరాలు తెస్తున్నారు. ఇలాంటి చిన్న వ్యాపారాలకు గూగుల్‌లో వెతికేవారి కంట ముందు పడడమే ప్రాణం. పేరు వెనక్కు పోతే బేరం పోయినట్లే.

ఈ సైట్లవారిని ఒక భయం వెంటాడుతోంది. తమ సైటుకు ఎవరెవరు లింకు ఇచ్చారో గూగుల్ వారి 'సెర్చ్ కన్సోల్'లో ఉచితంగా చూసుకోవచ్చు. తెరిచి చూస్తే ముక్కూమొహం తెలియని సైట్ల పేర్లు కుప్పలుగా కనబడుతుంటాయి. వీరు అడిగిందీ లేదు, వారు చెప్పిందీ లేదు. వాటి వల్ల గూగుల్ తమను కిందికి తోసేస్తుందేమోనని బెంబేలెత్తుతారు. ఈ భయంలో నిజం పాలు చాలా తక్కువ. భయపడి చేసే పనుల్లోనే అసలు నష్టం ఉంది.

ఎక్కడివీ లింకులు?

ఇతరుల రాతలను ఉన్నవి ఉన్నట్లు ఎత్తుకుపోయి, తమ పేజీలో పెట్టుకుని, పక్కన ప్రకటనలు వేసి డబ్బు చేసుకునే సైట్లు లెక్కలేనన్ని ఉన్నాయి. ఈ దొంగతనం మనిషి కూర్చుని చెయ్యడు. కంప్యూటర్ ప్రోగ్రామే చేసేస్తుంది. రాతలో అసలు సైటు చిరునామా ఉంటే దానినీ కలిపి ఎత్తుకుపోతుంది. అదే లింకుగా కనబడుతుంది. బిందెను దొంగ ఎత్తుకుపోతే, దానిపై కొట్టించిన పేరు కూడా వెంట పోయినట్లే ఇది. ఆ పేరును బట్టి బిందె గలవారిని దొంగలనరు గదా!

భయం పుట్టిందిలా

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చదువుతున్న లారీ పేజ్, సెర్గీ బ్రిన్ 1998లో గూగుల్‌ను స్థాపించారు. ఒక సైటు మరొక సైటుకు లింకు ఇస్తే అది ఓటు వంటిదని వారి లెక్క. పెద్దమనిషి మాటకు విలువ ఉన్నట్లే, పేరున్న సైటు వేసే ఓటుకు విలువ ఎక్కువ. ఓట్లున్న చోట కొనేవారు కూడా ఉంటారు. లింకుల వ్యాపారం అలా మొదలైంది.

జె.సి.పెన్నీ అనే పెద్ద అమెరికా దుకాణ సంస్థ సైటు కోసం వందలాది సైట్లలో వేలాది లింకులు పెట్టిన సంగతిని 2011 ఫిబ్రవరిలో న్యూయార్క్ టైమ్స్ పత్రిక బయటపెట్టింది. తమకు తెలియకుండా జరిగిందని సంస్థ చెప్పుకున్నా, గూగుల్ ఆ సైటును కిందికి దించింది. 2012 ఏప్రిల్ 24న 'పెంగ్విన్' అనే కొత్త కట్టడి తెచ్చింది. అక్రమ లింకులతో పైకి వచ్చిన సైట్లు ఎన్నో ఒక్కసారిగా పడిపోయాయి.

మరి గిట్టనివాడు మన సైటుకు చెత్త లింకులు పెడితే మన గతేమిటి? ఈ ప్రశ్న అప్పుడు గట్టిగా వినబడింది. ఫలానా లింకులను లెక్కలోకి తీసుకోవద్దని చెప్పుకోవడానికి అదే ఏడాది అక్టోబరులో గూగుల్ 'డిసవౌ' అనే సౌకర్యం కల్పించింది.

2016 సెప్టెంబరులో పద్ధతి మారింది. చెత్త లింకు ఉందని సైటు మొత్తాన్ని పడగొట్టే బదులు, పెంగ్విన్ ఆ లింకునే లెక్క నుంచి తీసెయ్యసాగింది. దొంగ ఓటును చెల్లని ఓటుగా పక్కన పెట్టినట్లన్నమాట. చాలా సైట్లకు డిసవౌ అవసరమే రాదని గూగుల్ సంస్థే చెబుతోంది.

చేయవలసినవి

సెర్చ్ కన్సోల్‌లో 'మాన్యువల్ యాక్షన్స్' అనే పేజీ ఉంటుంది. గూగుల్ సిబ్బంది సైటుపై చర్య తీసుకుంటే ఆ నోటీసు అక్కడ పడుతుంది. నోటీసు ఏదీ లేకపోతే, రాతదొంగల లింకులను వాటి మానాన వదిలెయ్యడమే మేలు. బేరాలు తగ్గితే ముందు వేరే కారణాలు చూడాలి. సైటు తెరుచుకుంటోందా, పేజీలు గూగుల్‌కు చేరుతున్నాయా, సీజను అయిపోయిందా, పోటీదారు మెరుగైన సైటు పెట్టాడా అన్నది చూసుకోవాలి.

అక్రమ లింకులున్నాయని నోటీసు వస్తే మాత్రం ఆలస్యం తగదు. గతంలో డబ్బిచ్చి పెట్టించుకున్న లింకులుంటే, ఆ సైట్లవారికి రాసి తీయించాలి. ఎంత అడిగినా తీయనివాటికే డిసవౌ వాడాలి. మామూలు టెక్స్ట్ ఫైలులో వరుసకు ఒక్క సైటు పేరు చొప్పున రాసి పంపాలి. ఫైలు 2 మెగాబైట్లు, 1,00,000 వరుసలు దాటరాదు. ఫలితం కనబడడానికి కొన్ని వారాలు పడుతుంది. కొత్త జాబితా పంపితే పాతది రద్దవుతుంది గనుక పాత పేర్లను కూడా కలిపి రాయాలి.

ఈ పని కత్తితో చెలగాటం వంటిది. మంచి సైటు ఇచ్చిన లింకు పొరపాటున జాబితాలో చేరితే ఆ ఓటు పోతుంది. కలుపు తీయబోయి పైరు పీకినట్లవుతుంది.

రాత దొంగతనం సంగతి వేరు. డిసవౌ చేసినంత మాత్రాన దొంగ సైటులోని నకలు పోదు. నకలే అసలు కంటే ముందు కనబడుతుంటే, కాపీరైటు ఉల్లంఘన జరిగిందని గూగుల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. రాత తమదేనని చూపడానికి అసలు ప్రతి, ఫోటోలు, తేదీలు దాచుకోవాలి.

వీరితో జాగ్రత్త!

"మీ సైటుకు విషపు లింకులు పట్టాయి, ఇన్ని వేలు కడితే కడిగేస్తాం" అంటూ ఫోన్లు, ఈమెయిళ్లు వస్తుంటాయి. వారు చూపే విషపు మార్కులు ప్రైవేటు కంపెనీల పరికరాలు వేసినవే తప్ప గూగుల్ వేసినవి కావు. సెర్చ్ కన్సోల్‌లో నోటీసు ఉంటే చూపమని అడిగితే చాలు, నిజానిజాలు తేలతాయి.

"వెయ్యి లింకులు పెట్టి మొదటి పేజీకి ఎక్కిస్తాం" అనేవారితో మరీ ప్రమాదం. రాతదొంగ పెట్టిన లింకును గూగుల్ పట్టించుకోకపోవచ్చు గాని, డబ్బిచ్చి కొన్న లింకు నేరుగా నిబంధనల ఉల్లంఘన. మోసపోయి డబ్బు పోగొట్టుకున్నవారు వెంటనే 1930కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయాలి.

మగ్గం మీద, పొయ్యి దగ్గర సంపాదించిన రూపాయిని లేని రోగానికి మందు కొనడానికి ఖర్చు పెట్టరాదు. ఆ సొమ్ముతో సరుకుకు మంచి ఫోటోలు తీయించి, ధరలు, వివరాలు స్పష్టంగా రాయించుకుంటే కొనేవారికి, అమ్మేవారికి కూడా మేలు.