ఒకే స్పెల్లింగు, రెండు మాటలు: డచ్ సమాసాల చిక్కు

సూరత్‌లోని డచ్చివారి శ్మశానంలో ఓ పెద్ద గుమ్మటపు సమాధి ఉంది. మలబారు మొక్కలపై పన్నెండు సంపుటాల ‘హోర్టస్ మలబారికస్’ను వెలువరించిన హెండ్రిక్ వాన్ రేడె 1691లో సముద్రయానంలో మరణించగా ఆయన్ను ఇక్కడ ఖననం చేశారు. ఆయన పేరు చివర ‘డ్రాకెన్‌స్టెయిన్’ అని ఉంటుంది. డ్రాకెన్ అంటే డ్రాగన్లు, స్టెయిన్ రాయికి పాత రూపం. పంక్తి చివర చోటు చాలకపోతే డచ్ ముద్రాపకుడు దీన్ని ‘డ్రాకెన్’ దగ్గరే విరుస్తాడు. ‘డ్రాకెన్స్’ అని విరిస్తే తప్పు.

మామూలు డచ్ మాటలో హల్లు తర్వాతి అచ్చుతో కలుస్తుంది. నీటిని ‘వా-టెర్’ అని విరుస్తారు. సమాసంలో మాత్రం అతుకుదే పైచేయి. ‘వల్కుయిల్’ అనే మాటను ‘వల్-కుయిల్’ అని విరిస్తే జంతువులు పడే గొయ్యి. ‘వల్క్-ఉయిల్’ అంటే డేగగూబ!

అతుకు మారితే ఊనిక కూడా మారవచ్చు. డచ్ సమాసాల్లో ప్రధానమైన ఊనిక సాధారణంగా మొదటి పదానిదే. మసాజ్ చేసే మంచానికీ, సామూహిక ప్రార్థనకూ డచ్‌లో పొల్లుపోకుండా ఒకే స్పెల్లింగు. మొదటిది ‘మసాజ’, ‘బెడ్’ల కలయిక కాబట్టి ఊనిక ‘సా’ మీద పడుతుంది. రెండోది ‘మస్స’, ‘గెబెడ్’ల కలయిక. ఊనిక ‘మ’ మీదికి జరుగుతుంది, మధ్యలోని ‘జ’ కాస్తా గొంతులో గరగరలాడే ‘ఖ’ అవుతుంది. ఊరి పేర్లు ఈ నియమానికి అంతగా లొంగవు. హోర్టస్ అచ్చయిన ఆమ్‌స్టర్‌డామ్‌లో ఊనిక చివరి ‘డామ్’ మీదే.

మనిషి సందర్భాన్ని బట్టి పోల్చుకుంటాడు. యంత్రం సంగతి వేరు. ఫ్రాంక్లిన్ లియాంగ్ 1983లో స్టాన్‌ఫర్డ్‌లో సమర్పించిన పద విభజన పద్ధతి పక్కపక్కన ఉన్న అక్షరాల వరుసను మాత్రమే చూస్తుంది. రెండు మాటలకూ వరుస ఒక్కటే అయినప్పుడు అది చేయగలిగింది లేదు. చూపులేనివారికి పాఠాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కూ ఇదే చిక్కు: చుట్టూ ఉన్న వాక్యాన్ని పట్టించుకోకపోతే ప్రార్థన కాస్తా మంచమైపోతుంది.

తెలుగులో ఊనిక మార్చితే అర్థం మారదు. కానీ అతుకుల తగాదా మనకూ ఉంది: ‘సదానందం’ అంటే సదా ఆనందమా, సత్ ఆనందమా? పైగా మన లిపి అతుకును దాచేస్తుంది. ‘దా’లో సంధి జరిగిన చోటు ఏదో కంటికి కనిపించదు.

రాతకూ పలుకుకూ కూడా తేడా ఉంది. తెలంగాణ నుంచి వలసవెళ్లి సూరత్ మరమగ్గాల మీద బతుకుతున్న పద్మశాలీల పేరే చూడండి. నోటితో ‘పద్-మ-శా-లి’ అంటాం. పంక్తి చివర విరవాల్సి వస్తే ‘ప’ పైన ఉండిపోతుంది, ‘ద్మశాలి’ కిందికి దిగుతుంది.