పెళ్లి చట్టం ఎవరిని అడిగి రాయాలి? మత పెద్దలనా, రాజ్యాంగాన్నా?

స్వలింగ వివాహాల కేసు నడుస్తున్నప్పుడు, 2023 మే నెలలో కేంద్ర ప్రభుత్వం సుప్రీంకోర్టుకు ఒక విషయం చెప్పింది. రాష్ట్రాల అభిప్రాయం అడిగితే ఏడు రాష్ట్రాలు జవాబిచ్చాయి. రాజస్థాన్, అస్సాం, ఆంధ్రప్రదేశ్ వద్దన్నాయి. మహారాష్ట్ర, ఉత్తరప్రదేశ్, మణిపూర్, సిక్కిం ఇంకొంత సమయం కావాలన్నాయి. ఇందులో ఆంధ్రప్రదేశ్ చెప్పిన కారణాన్ని జాగ్రత్తగా చూడాలి. రాష్ట్రంలోని వివిధ మతాల పెద్దలను సంప్రదించామని, వాళ్లంతా వ్యతిరేకించారని, కాబట్టి తామూ వ్యతిరేకమేనని ఆ ప్రభుత్వం తెలిపింది.

పౌరుల హక్కు మీద ప్రశ్న వస్తే జవాబు కోసం ఒక ప్రభుత్వం మత పెద్దల గడప తొక్కింది. ఇది స్వలింగ జంటల గొడవ మాత్రమే, మనకెందుకు అనుకునే మిత్రులు మన ఉద్యమాల్లో చాలామందే ఉన్నారు. కానీ ఎవరు ఎవరిని పెళ్లాడవచ్చో మతమూ కులమూ కలిసి తేల్చితే ఏమవుతుందో నల్లగొండ, పాలమూరు దళితులకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? అందుకే ఈ కేసును మన వైపు నుంచి వివరిస్తున్నాం.

వాళ్లు అడిగింది ఏమిటి?

ఈ కేసుకు పేరు వచ్చింది హైదరాబాద్‌లో ఉండే సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ జంట వల్ల. 2022లో వాళ్లు సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆ తర్వాత దేశం నలుమూలల నుంచి మరికొన్ని పిటిషన్లు తోడయ్యాయి. వాటిలో ప్రధానమైన కోరిక 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం గురించి. ఈ చట్టం కింద పెళ్లికి పూజారి అక్కర్లేదు, పాస్టర్ అక్కర్లేదు, ఖాజీ అక్కర్లేదు. వివాహ అధికారి ముందు ముగ్గురు సాక్షులతో సంతకాలు పెడితే చాలు. అందులో పురుషుడికి 21 ఏళ్లు, స్త్రీకి 18 ఏళ్లు నిండాలని ఉంది. ఈ మాటలను స్వలింగ జంటలకు కూడా వర్తించేలా చదవమని పిటిషనర్లు అడిగారు.

అంటే ఏ గుడినీ, ఏ మసీదునీ, ఏ చర్చినీ తమకు పెళ్లి చేయమని వాళ్లు అడగలేదు. మతంతో పనిలేని చట్టంలో చోటు అడిగారు. అయినా అడ్డు చెప్పడానికి జమీయత్ ఉలేమా ఎ హింద్, అఖిల భారతీయ సంత్ సమితి, తెలంగాణ మర్కజీ షియా ఉలేమా కౌన్సిల్ వంటి సంస్థలు కోర్టుకు వచ్చాయి. ఒకరి మతాన్ని ఒకరు ఒప్పుకోని వాళ్లు ఈ ఒక్క విషయంలో ఒక్కటయ్యారు. తమ విశ్వాసం ఏమిటో చెప్పుకునే హక్కు వాళ్లకుంది, దాన్ని మేము కాదనడం లేదు. మా అభ్యంతరం ప్రభుత్వాల మీద. ఒక మతం తన అనుచరులకు చెప్పే నియమాన్ని, ఆ మతంతో సంబంధం లేని వాళ్లకూ వర్తించే ప్రభుత్వ విధానంగా ఎలా మారుస్తారు?

2023 అక్టోబరు 17న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు ఇచ్చింది. పెళ్లి చేసుకోవడం రాజ్యాంగం ఇచ్చిన ప్రాథమిక హక్కు కాదని ఐదుగురూ అన్నారు. పెళ్లి అనకుండా మరో రకమైన చట్టబద్ధ గుర్తింపునైనా ఇవ్వాలన్న వాదన 3-2 తేడాతో వీగిపోయింది. చట్టం మార్చడం చట్టసభల పని అని కోర్టు తేల్చింది. అయితే స్త్రీ పురుషులుగా జత కట్టే ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు ఇప్పుడున్న చట్టాల కిందే పెళ్లి చేసుకోవచ్చని ఐదుగురూ ఒప్పుకున్నారు. మెజారిటీ తీర్పు కూడా ఇద్దరు వ్యక్తులు కలిసి బతికే స్వేచ్ఛను, బెదిరింపుల నుంచి రక్షణను కాదనలేదు. 2025 జనవరిలో రివ్యూ పిటిషన్లను కొట్టేశారు. కాబట్టి ఇప్పుడు ప్రశ్న పార్లమెంటు, అసెంబ్లీల ముందు ఉంది. వాళ్లు ఎవరి మాట వింటారన్నదే అసలు విషయం.

మత పెద్దలను అడిగి ఉంటే మనకు ఏం వచ్చేది?

పెళ్లి అనాదిగా మారకుండా వస్తున్న పవిత్ర బంధం అని చెప్పేవాళ్లు చట్టాల చరిత్ర చూడాలి. 1872లో బ్రిటిష్ ఇండియాలో వచ్చిన మొదటి ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లాడాలంటే నేను హిందువును కాను, ముస్లింను కాను, క్రైస్తవుణ్ణి కాను అంటూ వరుసగా రాసివ్వాలి. మతాన్ని వదులుకుంటే తప్ప మతం గీసిన గీత దాటనిచ్చేవారు కాదు. హిందువులు, సిక్కులు, బౌద్ధులు, జైనులు తమలో తాము పెళ్లాడేటప్పుడు ఈ షరతును తొలగించింది 1923లో. ఇక కింది కులం మగవాడు పై కులం స్త్రీని చేసుకుంటే దాన్ని ధర్మశాస్త్రాలు ప్రతిలోమం అన్నాయి. కోర్టులు కూడా అలాంటి పెళ్లిళ్లు చెల్లవన్నాయి. వేర్వేరు కులాల హిందువుల మధ్య పెళ్లి చెల్లుతుందని చట్టం స్పష్టంగా చెప్పింది 1949లో. ఈ రోజు మామూలుగా కులాంతర వివాహం అని మనం పిలిచే పెళ్లి, మన తాతల కాలంలో చట్టం ముందు పెళ్లే కాదు.

డాక్టర్ అంబేద్కర్‌కు ఈ సంగతి బాగా తెలుసు. 1948 డిసెంబరు 2న రాజ్యాంగ సభలో మాట్లాడుతూ, ఈ దేశంలో మత భావనలు పుట్టుక నుంచి చావు దాకా జీవితంలోని ప్రతి అంశాన్నీ కమ్ముకున్నాయని ఆయన హెచ్చరించారు. వ్యక్తిగత చట్టాలన్నిటినీ మతానికి వదిలేస్తే సామాజిక సంస్కరణకు చోటే మిగలదన్నారు. హిందూ కోడ్ బిల్లుతో స్త్రీలకు విడాకుల హక్కు, ఆస్తి హక్కు ఇవ్వాలని, పెళ్లికి కులం అడ్డు తీసేయాలని చూస్తే స్వామీజీలు, సనాతనులు రోడ్డెక్కారు. ప్రభుత్వం వెనక్కి తగ్గింది. 1951లో ఆయన మంత్రి పదవికి రాజీనామా చేశారు. ఆ బిల్లులోని అంశాలు ముక్కలు ముక్కలుగా చట్టాలయ్యేసరికి 1955, 1956 వచ్చాయి.

పాలమూరుకు రండి. మక్తల్, నారాయణపేట వైపు ఊళ్లలో మాదిగ, మాల ఆడపిల్లలను ఎల్లమ్మ, పోచమ్మ పేరిట జోగినులుగా విడిచారు. అదీ ఒక పెళ్లే అన్నారు. మెడలో తాళి పడింది గానీ భార్యకు ఉండే హక్కు ఒక్కటీ రాలేదు. ఊరి ఆధిపత్య కులాల మగవాళ్లకు ఆ పిల్ల శరీరం మీద హక్కు వచ్చింది. ఆమెకు పుట్టిన బిడ్డలకు తండ్రి పేరు అడిగే ప్రతి ఫారం ముందు అవమానం మిగిలింది. ఇదంతా దేవత కోరిక, ఊరి ఆచారం అన్నారు. 1988లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేవదాసీ నిషేధ చట్టం దీన్ని నేరం చేసింది. గుడి పెద్దలను, ఊరి పెద్దలను అడిగి, వాళ్లు సరేనన్నాకే చట్టం చేద్దామనుకుంటే ఆ చట్టం వచ్చి ఉండేదా?

ఎనిమిది రోజుల తేడా

2018 మనకు మరచిపోలేని సంవత్సరం. ఆ ఏడాది మార్చి 27న శక్తివాహిని కేసులో, ఇష్టపడి పెళ్లాడిన ఇద్దరు పెద్దవాళ్ల మధ్య కుటుంబానికి గానీ, కుల పంచాయతీకి గానీ జోక్యం చేసుకునే హక్కు లేదని సుప్రీంకోర్టు చెప్పింది. సెప్టెంబరు 6న సెక్షన్ 377 కేసులో, ఇష్టపూర్వకమైన స్వలింగ సంబంధం నేరం కాదన్నది. ఆ తీర్పు నిలబడింది రాజ్యాంగ నైతికత అన్న మాట మీద. సమాజంలో ఎక్కువమంది పాటించే నీతి వేరు, రాజ్యాంగం నేర్పే నీతి వేరు అని రాజ్యాంగ సభలో అంబేద్కర్ చెప్పిన విషయాన్నే న్యాయమూర్తులు ఆధారం చేసుకున్నారు.

సరిగ్గా ఎనిమిది రోజులకు, సెప్టెంబరు 14న, మిర్యాలగూడలో ఆసుపత్రి ముందు గర్భిణి అయిన భార్య కళ్లెదుట పెరుమాళ్ల ప్రణయ్‌ను నరికి చంపారు. అతను దళితుడు, ఆమె వైశ్య కులం. కిరాయి ఇచ్చి చంపించినట్లు అభియోగం ఎదుర్కొన్న ఆమె తండ్రి, కేసు తేలకముందే 2020లో చనిపోయాడు. 2025 మార్చి 10న నల్లగొండ ప్రత్యేక కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి జీవిత ఖైదు విధించింది.

ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడం మా ఉద్దేశం కాదు. రిజిస్ట్రేషన్ నిరాకరించడం, కత్తితో నరకడం ఒకటి కావు. కులం పెట్టే హింసకు దాని సొంత చరిత్ర ఉంది. కానీ ఆ కత్తికి పదును పెట్టిన ఆలోచన, ఆంధ్రప్రదేశ్ జవాబు వెనుక ఉన్న ఆలోచన ఒకే చోట కలుస్తాయి. పెళ్లి ఇద్దరు మనుషుల నిర్ణయం కాదు, వంశాన్నీ కులాన్నీ మతాన్నీ కాపాడే ఏర్పాటు అన్నదే ఆ ఆలోచన. కులం బతికేదే పెళ్లి మీద అని అంబేద్కర్ ఎప్పుడో తేల్చి చెప్పారు. ఎవరితో పెళ్లి కుదరదో చెప్పే అధికారం మతం చేతిలో ఉన్నంతకాలం, ఆ అధికారం మొదట వచ్చి పడేది మన పిల్లల మీదే.

రిజిస్ట్రార్ ఆఫీసు గోడ మీద నోటీసు

మతం ప్రమేయం లేకుండా పెళ్లి చేసుకుందామంటే ప్రత్యేక వివాహ చట్టంలోనే ఇంకో చిక్కు ఉంది. 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. దాన్ని ఆఫీసులో అందరికీ కనబడేలా పెడతారు. ఆ నెల రోజుల్లో ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. ఇంట్లోంచి పారిపోయి వచ్చిన కులాంతర, మతాంతర జంటకు ఆ నెల రోజులు ప్రాణగండం. స్వలింగ జంటలు కూడా ఈ నోటీసును సవాలు చేశారు గానీ సుప్రీంకోర్టు ఆ విషయంలోకి వెళ్లలేదు. నోటీసు బయటపెట్టాలా వద్దా అన్నది జంట ఇష్టానికే వదలాలని 2021 జనవరిలో అలహాబాద్ హైకోర్టు అన్నది.

ఇంకొకటి కూడా గమనించాలి. నల్లగొండలో ఎర్రజెండా కింద దండలు మార్చుకున్న స్టేజి పెళ్లిళ్లు మన పెద్దలకు కొత్త కాదు. కానీ ఆచారం ప్రకారం తంతు జరగకపోతే, ఒక్క సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన హిందూ వివాహ చట్టం కింద అది పెళ్లి కాదని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది. పూజారి లేని పెళ్లి కావాలనుకునే బహుజన జంటకు, స్వలింగ జంటకు కావాల్సిన తలుపు ఒకటే.

పెళ్లి అంటే రేషన్ కార్డు కూడా

ఇది పట్నం శ్రీమంతుల ముచ్చట అని కేంద్రం తన అఫిడవిట్‌లో అన్నది. మరి మన రాష్ట్రంలో పెళ్లి ఎన్ని పథకాలకు ముడిపడి ఉందో చూడండి. కల్యాణలక్ష్మి కింద 1,00,116 రూపాయలు. దళితులను పెళ్లాడిన కులాంతర జంటకు రెండున్నర లక్షల ప్రోత్సాహకం. భర్త పోతే ఆసరా వితంతు పింఛను. రేషన్ కార్డులో పేరు, ఆసుపత్రిలో సంతకం, చనిపోతే శవాన్ని అప్పగించడం, అన్నీ బంధుత్వం అడుగుతాయి. డబ్బున్నవాళ్లు వీలునామా రాసుకుంటారు, లాయరును పెట్టుకుంటారు. కూలికి పోయే ఇద్దరు ఆడవాళ్లు ఒకే కప్పు కింద ఇరవై ఏళ్లు బతికినా, ఒకరు పోయాక రెండోవారికి చట్టం ముందు ఏ పేరూ లేదు.

తీర్పు తర్వాత కేంద్రం కేబినెట్ కార్యదర్శి నేతృత్వంలో కమిటీ వేసింది. స్వలింగ జంటలను రేషన్ కార్డు విషయంలో ఒకే కుటుంబంగా చూడాలని 2024 ఆగస్టులో రాష్ట్రాలకు లేఖ వెళ్లింది. జాయింట్ బ్యాంకు ఖాతా తెరవడానికి, భాగస్వామిని నామినీగా పెట్టడానికి అడ్డు లేదని ఆర్థిక శాఖ స్పష్టం చేసింది. ఇవి మంచివే. కానీ లేఖ హక్కు కాదు. తహసీల్దార్ ఆఫీసు కౌంటర్ దగ్గర పని చేయించేది ఉద్యమమే.

మన ఇంటి మాట

మనలోనూ వ్యతిరేకత ఉంది. మన వాడల్లో చర్చి ఉంది, పోచమ్మ గుడి ఉంది, అక్కడా ఇది పాపం అనేవాళ్లున్నారు. వాళ్లు మన వాళ్లే. వాళ్లను నమ్మకం మార్చుకోమని మేము అడగడం లేదు. దళితుడు క్రైస్తవుడైతే ఎస్సీ హోదా పోతుందని 1950 రాష్ట్రపతి ఉత్తర్వు చెబుతున్నప్పుడు, నా మతాన్ని బట్టి నా హక్కు ఎందుకు పోవాలి అని అడుగుతున్నది వాళ్లే కదా. ఆ ప్రశ్న న్యాయమైనదైతే, ఇంకొకరి మతాన్ని బట్టి మరొకరి హక్కు పోవడం కూడా అన్యాయమే. అలాగే క్వీర్ ఉద్యమానికీ మేము చెప్పాల్సింది ఉంది. దళిత ట్రాన్స్ వ్యక్తుల చదువు, రిజర్వేషన్, ఇల్లు లేకుండా పెళ్లి హక్కు ఒక్కటే సమానత్వం తేదు.

తెలంగాణ ఏం చేయగలదు?

పెళ్లి, విడాకులు ఉమ్మడి జాబితాలో ఉన్నాయి. పూజారి లేని ఆత్మగౌరవ వివాహాలకు తమిళనాడు అసెంబ్లీ 1967లో హిందూ వివాహ చట్టాన్ని సవరించి గుర్తింపు ఇచ్చింది. అంటే రాష్ట్రం తలచుకుంటే దారి ఉంది. మన హైకోర్టు 2023 జులైలో, నిజాం కాలం నుంచి హిజ్రాలను నేరస్తులుగా చూసిన 1329 ఫస్లీ నాటి చట్టాన్ని కొట్టేసింది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు ఆసరా పింఛను ఇవ్వాలని చెప్పింది. ఆ చట్టం నల్లగొండ, పాలమూరు మీద కూడా నడిచిందే. పెళ్లి ఒక్కటే కుటుంబానికి దారి కాదని, ఎంచుకున్న కుటుంబం కూడా కుటుంబమేనని 2025 మేలో మద్రాసు హైకోర్టు అన్నది.

మా డిమాండ్లు సూటిగా ఉన్నాయి. ప్రత్యేక వివాహ చట్టం కింద నోటీసును గోడకెక్కించే పద్ధతిని తెలంగాణలో ఆపాలి. శక్తివాహిని తీర్పు చెప్పినట్లు ప్రతి జిల్లాలో కులాంతర, మతాంతర, స్వలింగ జంటలకు రక్షణ గృహం ఉండాలి. రేషన్ కార్డుపై వచ్చిన కేంద్రం లేఖను మండలం దాకా అమలు చేయాలి. పెళ్లి చట్టంపై అసెంబ్లీలో చర్చ జరిగిన రోజు ప్రభుత్వం ముందుగా పిలవాల్సింది ఆ చట్టం లేక నష్టపోతున్న వాళ్లను. మత పెద్దలు కూడా రావచ్చు, మిగతా పౌరుల్లాగే లైన్లో నిలబడి తమ మాట చెప్పవచ్చు. సంతకం పెట్టే కలం మాత్రం వాళ్ల చేతికి ఇవ్వకూడదు.