వంతెన కింద రంగుల వాడ

ఇండోనేషియాలోని యోగ్యకర్తాలో గొండొలాయు వంతెన మీద నిలబడి కిందికి చూస్తే ముందు కంటపడేది ఏరు కాదు, ఇంటి కప్పులు. నిట్రమైన గట్టు మీద మెట్లు మెట్లుగా, ఒకదాని భుజం మీంచి ఒకటి తొంగిచూస్తున్నట్టు ఉంటాయి. వాటి పాదాల దగ్గర చోదె పారుతుంది. ఉత్తరాన మెరాపి అగ్నిపర్వతం వాలుల నుంచి దిగి, ఊరి నడుమగా సాగే ఏరు అది. ‘కాంపుంగ్’ అంటే వాడ, జావా భాషలో ‘కాలి’ అంటే ఏరు. అలా ఈ వాడ కాంపుంగ్ కాలి చోదె అయింది.

1980ల మొదట్లో ఇక్కడున్నవి అట్టముక్కలు, ప్లాస్టిక్ పట్టాలు కప్పిన గుడిసెలు. పాత సామాన్లు ఏరుకుని బతికేవాళ్లవి, కూలీలవి కలిపి 30–40 కుటుంబాలు. గట్టు ఖాళీ చేయించాలని అధికారులు అనుకుంటున్న రోజుల్లోనే ఒక క్యాథలిక్ ఫాదర్ వచ్చి వాళ్ల మధ్య మకాం పెట్టారు. పేరు వై.బి. మంగున్‌విజయ. జర్మనీలోని ఆఖెన్‌లో ఆర్కిటెక్చర్ చదివారు, నవలలు రాశారు. వాడవాళ్లకు మాత్రం ‘రోమో మంగున్’, అంటే మంగున్ ఫాదర్. కూల్చడానికి వస్తే నిరాహార దీక్షకు కూర్చుంటానన్నారాయన. చివరికి ఆ ఆలోచన వెనక్కి పోయింది.

ఇళ్లు కొత్తగా కట్టే పనిలో ఆయనకు వాడ పెద్ద విల్లీ ప్రసెత్య తోడు నిలిచారు. పద్ధతిగా గీసిన ప్లాన్లేమీ లేవు. రాతి పునాదుల మీద, రెండు పేకముక్కల్ని ఒకదానికొకటి ఆనించినట్టు వాలు చట్రాలు లేచాయి. గోడలకు వెదురు తడికలు. గుల్లనేల మీద బరువైన ఇల్లు కుంగుతుంది; తడిక తేలిక, పైగా గాలి ఆడుతుంది. ఒకచోట చీకితే అంతమేరకే మార్చుకోవచ్చు, ఆ పని ఇంటివాళ్లకే చేతనవుతుంది. తర్వాత చిత్రకళ విద్యార్థులు వచ్చి, వాడవాళ్లతో కలిసి ఆ తడికల మీద జంతువులు, మొక్కలు, రాక్షసుల బొమ్మలు వేశారు. 1985కల్లా పని ముగిసింది. 1992లో ఈ వాడకు ఆగా ఖాన్ ఆర్కిటెక్చర్ అవార్డు దక్కింది.

ఏరు మాత్రం తన స్వభావం మార్చుకోలేదు. 2010లో మెరాపి పేలాక వానలకు బూడిద, బురద కొట్టుకొచ్చి చోదె ఒడ్డు వాడల్లోకి చేరాయి. జనం ఎత్తిపోసుకుని మళ్లీ ఇళ్లలో చేరారు.

చూడాలనుకుంటే తూగు రైల్వే స్టేషన్ నుంచి నడిచి వెళ్లొచ్చు. తూగు స్తంభం దాటి తూర్పుగా వెళితే వంతెన వస్తుంది. మెట్లు దిగాక సందులు ఇరుకు, ఇంటి ముంగిలే దారి. ఫొటో తీసే ముందు ఓ మాట అడగాలి.