గోళీ మధ్యలో ఉంటేనే... మలుపు!

దర్శికి దగ్గర్లోని దొనకొండలో రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో బ్రిటిష్‌వాళ్లు కట్టిన విమానాశ్రయం ఇప్పుడు వాడుకలో లేదు. అయినా దర్శిలో ఇంట్లో కూర్చుని దాని మీదుగా విమానం నడపొచ్చు... కంప్యూటర్‌లో! 2020లో వచ్చిన మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ ఉపగ్రహ చిత్రాల సాయంతో భూగోళమంతా చూపిస్తుంది మరి. సెస్నా 172 ఎంచుకుని గాల్లోకి లేవడం తేలికే. చిక్కంతా మలుపు దగ్గరే.

ముక్కు మాట వినదు

ఎడమకు తిరగాలంటే జాయ్‌స్టిక్‌ను ఎడమకు వంచుతాం. కుడి రెక్క పైకి లేస్తుంది. కానీ లేచే రెక్కకు గాలి నిరోధం కూడా ఎక్కువే. అది వెనక్కి లాగడంతో విమానం ముక్కు కుడికి జరుగుతుంది. తిరగాల్సింది ఒకవైపు, చూసేది మరోవైపు! దీన్ని సరిచేసేదే తోకకుండే రడ్డర్. రైట్ సోదరులకూ ఈ తిప్పలు తప్పలేదు. 1902లో గ్లైడర్‌కు కదిలే రడ్డర్ పెట్టాకే మలుపులు దారికొచ్చాయి.

గోళీ ఎటో కాలు అటే

మలుపు సరిగ్గా ఉందో లేదో చెప్పేది ఓ వంపు గాజుగొట్టం. ద్రవం నింపిన ఆ గొట్టంలో గోళీలాంటి నల్లగుండు ఉంటుంది. అది ఎటు జరిగితే అటువైపు పెడల్ తొక్కాలి. పెడల్స్ లేకపోతే మెలితిప్పే జాయ్‌స్టిక్ ఉన్నా చాలు. ముందుగా సెట్టింగ్స్‌లో ఆటో రడ్డర్ ఆపేయాలి. లేదంటే ఆ పని కంప్యూటరే చేసేస్తుంది.

దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్లే ఘాట్‌రోడ్డులో బస్సు మలుపు తిరిగితే పక్కవాళ్ల మీదికి ఒరిగిపోతాం. గోళీ మధ్యలో ఉంటే విమానంలో అలా జరగదు. గ్లాసులో టీ కూడా తొణకదు!

నేల దగ్గరైతే...

ఇదంతా సొగసు కోసం కాదు. రన్‌వేకు ఎదురుగా వచ్చే ఆఖరి మలుపులో ఎత్తూ తక్కువే, వేగమూ తక్కువే. మలుపు చాలడం లేదని రడ్డర్‌ను అతిగా తొక్కి, స్టిక్‌ను వెనక్కి లాగితే కిందున్న రెక్కకు ముందుగా గాలి పట్టు తప్పుతుంది. విమానం గింగిరాలు తిరుగుతుంది. సర్దుకోవడానికి ఎత్తు ఉండదు. నిజం విమానంలో ప్రాణం తీసే ఈ తప్పును ఇంట్లో ఎన్నిసార్లయినా చేసి, దిద్దుకోవచ్చు.

లోటూ ఉంది. విమానం పక్కకు జారితే పైలట్‌కు ఒంటికే తెలుస్తుంది. ఇంట్లో కుర్చీ కదలదు. అందుకే కొత్తవాళ్లు గోళీనే చూస్తూ ఉండిపోతారు. చూపు దిగంతం మీద ఉంచి, గోళీ మీద ఓ కన్నేస్తే చాలు. ఈ గంటలు లైసెన్సుకు లెక్కలోకి రావు. చేతితోపాటే కాలూ కదలాలన్న ఆలోచన మాత్రం అలవాటవుతుంది.

సెకనుకు 3 డిగ్రీల చొప్పున తిరిగితే దొనకొండ మీద ఒక చుట్టుకు రెండు నిమిషాలు. అంతసేపూ గోళీ కదలకపోతే... ఆ రోజు పాఠం వచ్చినట్టే!