హెడ్జ్ ఫండ్లు పందెం కాస్తే మన ఎల్‌ఐసీకి, సూపర్‌కి ఏమవుతుంది?

గంగాలిన్‌లో మన తెలుగువాళ్లు నలుగురు కలిస్తే ఇళ్ల ధరలు, వడ్డీ రేట్ల తర్వాత మాట షేర్ల మీదికి మళ్లుతుంది. "హెడ్జ్ ఫండ్లు ఏదో కంపెనీని పడగొడితే మనకేంటి?" అని చాలామంది నన్ను అడుగుతుంటారు. మనకూ ఉంది. ఎలాగో చెబుతాను.

హెడ్జ్ ఫండ్ అంటే బాగా డబ్బున్నవాళ్ల, పెద్ద సంస్థల సొమ్ము పోగేసి, చాలాసార్లు దానికి అప్పు కూడా కలిపి పందెం కాసే ఫండ్. ధర పెరుగుతుందనే కాదు, పడిపోతుందని కూడా కాస్తుంది. ఈ రెండోదే షార్ట్ సెల్లింగ్. పక్కింటివాళ్ల దగ్గర బస్తా బియ్యం బదులు తెచ్చి 2,000 రూపాయలకు అమ్మేశారనుకోండి. ధర 1,500కు పడ్డాక కొని తిరిగి ఇచ్చేస్తే 500 మిగులుతుంది. అదే ధర 3,000 అయితే వెయ్యి చేతి నుంచి పోతుంది.

2023 జనవరి 24న అమెరికాకు చెందిన హిండెన్‌బర్గ్ రీసెర్చ్ అదానీ గ్రూపుపై తీవ్ర ఆరోపణలతో నివేదిక ఇచ్చింది. ఆ షేర్లు పడితే తనకు లాభమని అందులోనే చెప్పింది. గ్రూపు ఆరోపణలను ఖండిస్తూ 413 పేజీల జవాబిచ్చి, ఇది భారతదేశంపై దాడి అంది. అయినా కొద్ది రోజుల్లోనే గ్రూపు మార్కెట్ విలువ 10,000 కోట్ల డాలర్లకు పైగా కరిగిపోయింది. ఫిబ్రవరి 1న 20,000 కోట్ల రూపాయల షేర్ల అమ్మకాన్ని రద్దు చేసుకుంది.

అక్కడితో ఆగలేదు. విపక్షాలు జేపీసీ కావాలని పట్టుబట్టడంతో పార్లమెంటు సమావేశాలు స్తంభించాయి. సుప్రీంకోర్టు నిపుణుల కమిటీ వేసింది. అదానీ గ్రూపులో తనకు 36 వేల కోట్లకు పైగా పెట్టుబడి ఉందని, అది తన మొత్తం ఆస్తుల్లో ఒక శాతం లోపేనని ఎల్‌ఐసీ వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. మన అమ్మానాన్నల పాలసీల సొమ్ము అదే కదా! గంగవరం, కృష్ణపట్నం పోర్టులు, ఇక్కడ క్వీన్స్‌ల్యాండ్‌లోని కార్మైకేల్ బొగ్గు గని, అన్నీ ఆ గ్రూపువే.

అసలు లాభం ఎవరికి? ముసాయిదా నివేదికను కింగ్డన్ అనే హెడ్జ్ ఫండ్‌కు ముందే చూపించారని, ఆ ఫండ్ సుమారు 183 కోట్ల రూపాయలు సంపాదించిందని 2024లో సెబీ నోటీసు ఆరోపించింది. తప్పేమీ చేయలేదని వాళ్ల వాదన. 2025 జనవరిలో హిండెన్‌బర్గ్ మూతపడింది. అదే ఏడాది సెప్టెంబరులో అదానీపై కొన్ని ఆరోపణలు రుజువు కాలేదని సెబీ తేల్చింది.

ఆస్ట్రేలియాకూ ఈ అనుభవం ఉంది. 1998లో హెడ్జ్ ఫండ్లు ఆస్ట్రేలియా డాలర్ పడుతుందని పందెం కాశాయి. ఆగస్టులో అది 55 అమెరికన్ సెంట్ల దాకా దిగింది. రిజర్వ్ బ్యాంకు వడ్డీ రేటు పెంచకుండా, తనే డాలర్లు కొని నిలబెట్టింది. వడ్డీ పెంచి ఉంటే ఆ భారం ఇంటి అప్పు కట్టేవాళ్ల మీదే పడేది.

అలాగని షార్ట్ సెల్లర్లందరూ దొంగలు కారు. ఎన్రాన్ లెక్కలను ముందుగా అనుమానించినవాళ్లలో వాళ్లూ ఉన్నారు. చిక్కల్లా ఎక్కడంటే, నిజం తేలడానికి ఏళ్లు పడుతుంది, షేరు పడటానికి ఒక్క పూట చాలు. ఆ మధ్యలో భయపడి అమ్ముకునేది చిన్న మదుపరే.

మనం చేయగలిగింది కొంత ఉంది. సూపర్ ఫండ్లు తమ పెట్టుబడుల జాబితాను ఆరు నెలలకోసారి బయటపెట్టాలి, ఒకసారి తెరిచి చూడండి. 2023 మార్చిలో 15,446 కోట్ల రూపాయల అదానీ షేర్లు కొన్న జీక్యూజీ కూడా ఆస్ట్రేలియా మార్కెట్లో లిస్టయిన సంస్థే. ఇక్కడి ఏ షేరుపై ఎంత షార్ట్ ఉందో ఆసిక్ ప్రచురిస్తుంది. వాట్సాప్‌లో వచ్చిన టిప్పు చూసి ఊళ్లో నాన్నగారి పొదుపు షేర్లలో పెట్టించే ముందు ఆ రెండూ చూసుకుంటే మంచిది.