‘కన్యాశుల్కం’లో సుబ్బి పెళ్ళి ఆపింది ఎవరు?

‘కన్యాశుల్కం’ పేరు వినగానే మనలో చాలామందికి గిరీశం, అతని చుట్ట, అతని ఇంగ్లీషు ముక్కలు గుర్తుకొస్తాయి. పాఠంగా చదివినవాళ్ళకు వెంకటేశం కూడా గుర్తుంటాడు. కానీ ఆ నాటకమంతా ఒక పసిపిల్ల పెళ్ళి చుట్టూ తిరుగుతుంది. ఆ పిల్ల సుబ్బి. తండ్రి అగ్నిహోత్రావధాన్లు డబ్బు తీసుకొని ఆమెను లుబ్ధావధాన్లు అనే ముసలివాడికి కట్టబెట్టబోతాడు. ఆ పెళ్ళి ఎలా ఆగిందో చూస్తే గురజాడ అప్పారావు గారు ఆడవాళ్ళ గురించి ఏం చెప్పారో తెలుస్తుంది.

ఇది కవి ఊహించిన కష్టం కాదు. ఆ రోజుల్లో విజయనగరం మహారాజు ఆనంద గజపతి విశాఖపట్నం జిల్లాలోని బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన ఇలాంటి పెళ్ళిళ్ళ లెక్క తీయించారు. మూడేళ్ళలో 1034 తేలాయి. అందులో అయిదేళ్ళ పిల్లలు 99 మంది, నాలుగేళ్ళవాళ్ళు 44, మూడేళ్ళవాళ్ళు 36, రెండేళ్ళవాళ్ళు ఆరుగురు. ఏడాది నిండిన పసికందులు ముగ్గురు! ఈ లెక్కను గురజాడ తన ముందుమాటలోనే ఇచ్చారు. నాటకాన్ని మొదట 1892లో విజయనగరంలో ఆడారు, 1897లో అచ్చు వేశారు. ఇప్పుడు మనం చదివేది 1909లో ఆయన పెంచి తిరగరాసిన ఏడంకాల నాటకం.

ఇక కథలోకి వద్దాం. సుబ్బి పెళ్ళికి మొదట అడ్డం చెప్పింది తల్లి వెంకమ్మ. భర్త ముందు ఆమె మాట చెల్లదు. చివరకు ఆమె నూతిలో పడుతుంది. బతికి బయటపడినా భర్త మనసు మారదు. ఆ ఇంట్లో ఆడమనిషికి తన ప్రాణం తప్ప పందెం పెట్టడానికి ఇంకేమీ లేదన్నమాట. రెండోది అక్క బుచ్చమ్మ. చిన్న వయసులోనే విధవ అయిన పిల్ల. చెల్లెలికి తన గతి పట్టకూడదని తండ్రిని బతిమాలుతుంది. ఆయన కోపం ఆమె మీదికే తిరుగుతుంది. తర్వాత ఆమె గిరీశంతో లేచిపోయింది. దాన్ని చూసి ప్రేక్షకులు నవ్వుతారు. కానీ తాను వెళితే చెల్లెలి పెళ్ళి ఆగిపోతుందన్న ఆశ ఆమెను ఇల్లు దాటించిన కారణాల్లో ఒకటి. గిరీశం ఆ ఆశనే ఎరగా వాడుకున్నాడు.

మూడోది మధురవాణి. ఆమె వేశ్య. సుబ్బి ఆమెకు బంధువు కాదు, కులం కాదు, ఊరు కాదు. సుబ్బి మేనమామ కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి ముసలాయనకు పెళ్ళికూతురుగా అంటగట్టాలని ఎత్తు వేస్తాడు. పథకం మగవాడిదే, నిజమే. కానీ మధురవాణి తెలివి, సాయం లేకుంటే అది ఒక్క అడుగు కూడా సాగేది కాదు. ఆమె అప్పుడు రామప్పంతులు అండలో బతుకుతోంది. అయినా అతన్నే బుట్టలో వేసి ఈ పని నడిపిస్తుంది.

నాకు అన్నింటికంటే బాధ అనిపించేది వేరే విషయం. గిరీశం ఎలాంటివాడో మధురవాణికి పూర్తిగా తెలుసు. బుచ్చమ్మకు ఏమీ తెలియదు. ఇల్లు దాటేముందు బుచ్చమ్మ మధురవాణితో ఒక్క పూట మాట్లాడగలిగితే మోసపోయేదే కాదు. కానీ అగ్రహారపు విధవ, బోగం మనిషి ఒకచోట కూర్చోవడం ఆ లోకంలో జరిగే పని కాదు. ఆ రెండిళ్ళకీ వెళ్ళగలిగిన గిరీశం మాత్రం హాయిగా తిరుగుతాడు. ఆడవాళ్ళను విడదీసిన గోడ అతనికి అడ్డం రాలేదు!

మంచివాళ్ళు కూడా ఆ గోడను పట్టుకొని ఉన్నారు. సౌజన్యారావు పంతులు నిజాయితీపరుడైన సంస్కర్త. వేశ్యలతో మాట్లాడనని నియమం పెట్టుకున్నాడు. అందువల్ల మధురవాణి మగవేషం వేసుకొని ఆయన గడప తొక్కాల్సి వచ్చింది. ఒకప్పుడు ఆమె ఇంటికి తిరిగిన గిరీశం ఏ వేషమూ లేకుండానే, సంస్కర్తనని చెప్పుకుంటూ ఆ ఇంట్లో మర్యాద పొందాడు. అతని గుట్టు ఆయనకు విప్పి చెప్పింది మధురవాణే. ఆమె ముఖం కూడా చూడని బుచ్చమ్మను ఆ విధంగా కాపాడింది.

(ఇంకో ముచ్చట. ఆ కాలంలో ఆడపాత్రలు మగవాళ్ళే వేసేవారు. స్థానం నరసింహారావు గారు మధురవాణి వేషానికి ఎంతో పేరు పొందారు. వార్షికోత్సవంలో చీర కట్టిన తమ్ముణ్ణి చూసి ఈలలు వేసేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి.)

‘ఇది బ్రాహ్మల ఇళ్ళ కథ, పైగా ఉత్తరాంధ్ర యాస, మనకెందుకు?’ అని అడిగే మిత్రులున్నారు. మన బొంరాస్‌పేట 2016 దాకా పాలమూరు జిల్లాలోనే ఉండేది. ఆ పాలమూరులో దళిత ఆడపిల్లలను దేవత పేరు మీద జోగినులుగా వదిలేవారు. 1988లో చట్టం చేసి దాన్ని నిషేధించారు. దేవుడి పేరు చెప్పి ఊళ్ళో మగవాళ్ళకు అప్పజెప్పడం, తర్వాత ఆమెనే చెడ్డదని అనడం మధురవాణి లోకానికి దూరమైనదేం కాదు. బాల్యవివాహాలూ పోలేదు. 2019-20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 20-24 ఏళ్ళ స్త్రీలలో 23.5 శాతం మందికి 18 నిండకముందే పెళ్ళయింది. పది పరీక్షలు కాగానే ఊరికి పిలిపించుకున్న చెల్లెలు తిరిగి రాకపోతే ముందు తెలిసేది పక్క మంచం మీద పడుకున్న స్నేహితురాలికే. ఆమె వార్డెన్ మేడంకు చెప్పవచ్చు, 1098కి ఫోన్ చేయవచ్చు. వెంకమ్మకు ఆ దారి లేదు.

నాటకం చివర సౌజన్యారావు బుచ్చమ్మను గిరీశానికి ఇవ్వడు. పూనాలోని వితంతువుల ఆశ్రమానికి పంపాలని నిర్ణయిస్తాడు. పండిత రమాబాయి 1889లో బొంబాయిలో మొదలుపెట్టిన శారదా సదన్ మరుసటి ఏడాదే పూనాకు వచ్చింది. 1896లో కర్వే గారు కూడా అక్కడ ఆశ్రమం పెట్టారు. అక్కడ తిండి, పడక, చదువు ఉండేవి. అంటే గురజాడ బుచ్చమ్మకు చూపించింది ఒక హాస్టల్!

వచ్చే వార్షికోత్సవానికి అమ్మాయిలు ఈ నాటకం వేయాలనుకుంటే గిరీశం, వెంకటేశం సీనుతో ఆపవద్దు. అది అందరూ వేస్తారు. కరటకశాస్త్రి మధురవాణిని సాయం అడిగే సీను, మగవేషంలో ఆమె సౌజన్యారావు ఇంటికి వెళ్ళే చివరి సీను తీసుకోండి. మాటలు మొదట మన చెవులకు కొత్తగా ఉంటాయి. స్టడీ అవర్‌లో రెండు మూడుసార్లు పైకి చదివితే నోరు తిరుగుతుంది.