కిటికీ పక్క సీటు... ఇక ఉండదా?

ఏడు దశాబ్దాలుగా మారని విమానం ఆకారాన్ని మార్చేయాలని ఇంజినీర్లు గట్టిగానే ప్రయత్నిస్తున్నారు. గొట్టానికి రెక్కలు తగిలించడం కాదు, రెక్కే విమానమట! మరి అందులో మనం ఎక్కడ కూర్చుంటాం?

పిల్లాడి చేతికి పెన్సిలిచ్చి విమానం బొమ్మ గీయమనండి. పొడవాటి గొట్టం, అటో రెక్క, ఇటో రెక్క, వెనక తోక, వరసగా చిన్నచిన్న కిటికీలు... నిమిషంలో గీసేస్తాడు. వాళ్ల తాతయ్య చిన్నప్పుడు గీసిన బొమ్మా ఇంచుమించు అదే! 1958లో ప్రయాణికులను ఎక్కించుకున్న బోయింగ్‌ 707ని నేటి విమానం పక్కన నిలబెట్టినా, రూపంలో పెద్ద తేడా కనిపించదు. ఇంజిన్లు మారాయి, సీట్లు మారాయి. ఆకారం మాత్రం మారలేదు. ఎందుకలా?

గుండ్రంగానే ఎందుకు?

వంటింట్లో గ్యాస్‌ సిలిండర్‌ని చూడండి. పెట్టెలా నలుచదరంగా ఎందుకు చేయలేదు? లోపలి ఒత్తిడిని గోడలన్నీ సమానంగా పంచుకోవాలంటే గుండ్రటి రూపమే మేలు. విమానానిదీ అదే లెక్క. 35 వేల అడుగుల ఎత్తున గాలి బాగా పల్చగా ఉంటుంది. మనం హాయిగా ఊపిరి పీల్చుకునేందుకు లోపల గాలి ఒత్తిడిని పెంచుతారు. దాంతో పైకెళ్లిన ప్రతిసారీ విమానం ఒళ్లు కాస్త ఉబ్బుతుంది, దిగాక మళ్లీ తగ్గుతుంది.

ఈ ఉబ్బడం, తగ్గడం ఎంత పని చేయగలదో 1954లో తెలిసొచ్చింది. బ్రిటన్‌ తయారుచేసిన కామెట్‌ జెట్‌ విమానాలు రెండు గాల్లోనే ముక్కలై మధ్యధరా సముద్రంలో పడిపోయాయి. పదేపదే ఒత్తిడికి గురై లోహం అలసిపోయిందనీ, పైకప్పులో కోసిన రంధ్రాల మూలల దగ్గర పగుళ్లు వచ్చాయనీ దర్యాప్తులో తేలింది. కిటికీలకు పదును మూలలు పనికిరావన్నది ఆ ప్రాణాలు నేర్పిన పాఠం.

గొట్టంతో ఇంకో సౌకర్యం కూడా ఉంది. సీట్లు పెంచాలంటే రైలుకు బోగీ తగిలించినట్టు మధ్యలో ఓ ముక్క చేర్చితే సరి. ఎయిర్‌బస్‌ ఏ320ని అలా సాగదీసిందే ఏ321.

మోసేది రెక్కలే!

మరి ఇంత సుఖమైన గొట్టంతో చిక్కేమిటంటారా? అది ఎగరడానికి పెద్దగా సాయపడదు. మనుషుల్నీ సామాన్నీ దాచుకుంటుందంతే. దాని బరువునంతా రెక్కలే మోయాలి. అదే గొట్టాన్ని వెడల్పుగా, చదునుగా చేసి రెక్కల్లో కలిపేస్తే? రెక్కలు చాచిన గద్దలా ఒళ్లంతా కలిసి బరువు మోస్తుంది. గాలి నిరోధం తగ్గుతుంది, ఇంధనం మిగులుతుంది. దీన్నే ‘బ్లెండెడ్‌ వింగ్‌’ అంటున్నారు.

ఇది కాగితం మీది కల మాత్రమే కాదు. నాసా, బోయింగ్‌ కలిసి 21 అడుగుల వెడల్పున్న ‘ఎక్స్‌-48బి’ నమూనాను 2007లో ఎగరేశాయి, పైలట్‌ నేలమీదే కూర్చుని నడిపాడు. 2020లో ఎయిర్‌బస్‌ ‘మావెరిక్‌’ అనే చిన్న నమూనాను చూపించి, ఈ రూపంతో 20 శాతం దాకా ఇంధనం ఆదా అవుతుందని చెప్పింది. కాలిఫోర్నియాకు చెందిన జెట్‌జీరో ఏకంగా 50 శాతం అంటోంది! ఆ కంపెనీకి అమెరికా వైమానిక దళం 2023లో 23.5 కోట్ల డాలర్ల సాయం ప్రకటించింది. నిండు సైజు నమూనాను 2027లో ఎగరేయాలన్నది లక్ష్యం. ఆ 50 శాతం నిజమో కాదో అప్పుడుగానీ తేలదు.

ఇన్నాళ్లూ లేని ధైర్యం ఇప్పుడెలా వచ్చింది? కార్బన్‌ ఫైబర్‌ పుణ్యమే. 2011లో సర్వీసులోకి వచ్చిన బోయింగ్‌ 787 బరువులో సగం ఇలాంటి మిశ్రమ పదార్థాలదే. లోహంతో పోలిస్తే వీటితో గుండ్రంగా లేని ఒంటిని తేలిగ్గా, దృఢంగా చేయడం సులువు.

తొంభై సెకన్లలో...

అసలు పరీక్ష మాత్రం ఆకాశంలో కాదు, నేలమీదే ఉంది. ప్రమాదం జరిగితే, సగం తలుపులే పనిచేసినా, విమానంలో ఉన్నవాళ్లంతా 90 సెకన్లలో బయటపడగలగాలి. అది నియమం. 2006లో హాంబర్గ్‌లో ఏ380ని ఇలాగే పరీక్షించారు. చీకట్లో 873 మంది 78 సెకన్లలో బయటికొచ్చేశారు! సినిమా హాల్లా వెడల్పుగా ఉండే కొత్త విమానంలో నడిమి వరసవాళ్లకు తలుపు దూరం. వాళ్లూ అంతే వేగంగా దిగగలరా?

ఇంకో ఇబ్బందీ ఉంది. విమానం పక్కకు ఒరిగి మలుపు తిరిగేటప్పుడు, మధ్యలో ఉన్నవాళ్లకు పెద్దగా తెలియదు. అంచున కూర్చున్నవాళ్లు మాత్రం తూగుడుబల్ల చివర కూర్చున్నట్టు పైకీ కిందికీ కదులుతారు. కడుపులో తిప్పినా తిప్పొచ్చు!

లెక్క కుదరాలి

గొప్పగా ఎగిరితే చాలదని చరిత్ర చెబుతోంది. ధ్వనికి రెట్టింపు వేగంతో 1976లో సర్వీసు మొదలుపెట్టిన కాంకార్డ్‌ 2003లో ఆగిపోయింది. రెండంతస్తుల ఏ380 2007లో సర్వీసులోకి వచ్చింది, 2021లో చివరి విమానం అప్పగించడంతో దాని తయారీ ముగిసింది. ఒకదానికి వేగం, మరోదానికి సైజు పేరు తెచ్చాయి. ఖర్చుల లెక్క దగ్గరే రెండూ తడబడ్డాయి. కొత్త ఆకారమూ ఆ లెక్కలోనే గెలవాలి.

ఒకవేళ గెలిస్తే, మనం వదులుకునేది కిటికీ. వెడల్పాటి హాల్లో చాలామందికి అది అందదు. దానికి బదులు కెమెరాలు బయటి దృశ్యాన్ని తెరల మీద చూపిస్తాయట. ఇంధనం మిగిలితే పొగ తగ్గుతుంది, టికెట్టూ తగ్గే వీలుంది. బేరం మంచిదే. కానీ అద్దానికి ముక్కు ఆనించి ‘అమ్మా, మేఘాలు కింద ఉన్నాయే!’ అని అరిచే పిల్లాడిని ఒప్పించేదెవరు?